అప్‌డేట్: స్పైడర్ థ్రాటిల్, ముందు సస్పెన్షన్ సంగతి తేలింది

డల్లాస్‌లో నా కాన్-ఆమ్ స్పైడర్ (ముందు రెండు, వెనక ఒకటి చక్రాలుండే మూడు చక్రాల బైక్) హైవే మీద 70 మైళ్లు దాటితే అటూ ఇటూ లాగుతోందని, పిడి తిప్పినా థ్రాటిల్ ఆలస్యంగా అందుకుంటోందని, ముందు చక్రాల షాక్స్ (కుదుపులు తట్టుకునే సస్పెన్షన్ భాగాలు) మార్చి, థ్రాటిల్ కంట్రోలర్ (థ్రాటిల్ స్పందనను మార్చే చిన్న పరికరం) కూడా పెట్టించాలా అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

షాక్స్ జోలికి పోకుండా మొదట లేజర్ అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో లేజర్‌తో చూసి సరిచేయడం) చేయించమని ఇక్కడ ఒకన్న చెప్పిన మాటే నిజమైంది. మెకానిక్ లేజర్ పెట్టి చూపించాడు, ముందు చక్రాలు రెండూ కాస్త బయటికి చూస్తున్నాయి. "ఎక్కడైనా గుద్దారా?" అన్నాడు. ఫుట్‌పాత్ అంచు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పైగా ముందు టైర్లలో కారుకు కొట్టినట్టు 32 పీఎస్‌ఐ గాలి కొట్టించాను. ఈ బండికి 20 లోపే చాలు. ఆ రెండూ సరిచేశాక లాగుడు పోయింది. మలుపుల్లో ఒరగడం మాత్రం లావుపాటి స్వే బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) వేశాకే తగ్గింది. పెట్టిన ఖర్చుల్లో ఇదొక్కటే పూర్తిగా గిట్టింది.

థ్రాటిల్ సంగతి చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఇంధనం ఆదా కోసం థ్రాటిల్‌ని మెత్తబరిచే ఎకో మోడ్ ఆన్‌లో ఉంది! కంట్రోలర్ కూడా పెట్టి చూశాను. పవర్ ఏమీ పెరగలేదు, పిడి కొంచెం తిప్పగానే ఎక్కువ తిప్పినట్టు దూకుతుంది, అంతే. వానలో భయమేసి తీసేశాను. పాత షాక్స్ అలాగే ఉన్నాయి.