అరకులో ఇల్లు: 99 ఏళ్ల లీజు నిలుస్తుందా?

ప్రశ్న (మంచుతెర):
అరకులోయ మండలంలో రోడ్డుకి కిలోమీటరు లోపల 10 సెంట్ల స్థలం, అందులో రెండు గదుల రేకుల ఇల్లు బేరానికి వచ్చింది. యజమాని గిరిజనుడు, మేం ఎస్టీలం కాదు. ఏడాదిలో సగం అక్కడ ఉండి, మిగతా రోజులు టూరిస్టులకి ఇవ్వాలని ఆలోచన. మధ్యవర్తి మూడు దారులు చెబుతున్నాడు: 99 ఏళ్ల లీజు, లేదంటే అమ్మకం అగ్రిమెంటుతో పాటు జీపీఏ (యజమాని తరఫున అన్నీ చేసే అధికార పత్రం), అదీ కాకపోతే వాళ్ల బంధువు పేరున కొని మా పేరుకి వీలునామా. వీటిలో ఏది నిలుస్తుంది?

జవాబు (దస్తావేజు):
మూడూ నిలవవండీ. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి.

పాత విశాఖ జిల్లా ఏజెన్సీ, అంటే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతం, 11 మండలాల్లో అరకులోయ ఒకటి. అక్కడ నడిచేది 1959 నాటి భూ బదలాయింపు నిబంధన. దాన్ని 1970 నాటి ఒకటో నంబరు నిబంధనతో సవరించారు కాబట్టి అందరూ 1/70 అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలో స్థిరాస్తిని ఎస్టీకి గానీ, ఎస్టీలే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఎవరికి బదలాయించినా చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు. చట్టంలో తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వీటి కోసం రాసుకున్న ఒప్పందం కూడా బదలాయింపే. కాబట్టి మీ 99 ఏళ్ల లీజు మొదటి రోజునే చెల్లదు. 100 రూపాయల స్టాంపు పేపరు మీద ‘లీజుదారు సొమ్ముతో కట్టిన కట్టడం లీజుదారుదే’ అని ఒక వాక్యం రాసి సంతకాలు పెట్టిస్తారు. అసలు లీజే చెల్లనప్పుడు ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదు. జీపీఏ సంగతీ అంతే. యజమాని తాను ఇవ్వలేని హక్కుని ఏజెంటు ద్వారా మాత్రం ఎలా ఇస్తాడు?

వీలునామా దగ్గర జాగ్రత్తగా వినండి. బదలాయింపు నిర్వచనంలోంచి వీలునామాని మినహాయించిన మాట నిజమే, మధ్యవర్తులు దాన్నే పట్టుకుంటారు. కానీ రాసినాయన బతికున్నంత కాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, రేపే ఇంకొకరి పేరున రాయొచ్చు. పైగా డబ్బు మీది, పేరు వేరొకరిదీ అయితే అది బినామీ. 2016 సవరణ తర్వాత బినామీ చట్టంలో ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, మార్కెట్ విలువలో పావు వంతు దాకా జరిమానా ఉన్నాయి.

గొడవ ఎలా మొదలవుతుందంటే, ఎవరో ఫిర్యాదు చేయక్కర్లేదు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ తనంత తానే కేసు తీసుకుని ఖాళీ చేయించవచ్చు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. కట్టిన ఇంటికి పరిహారం అడుగుదామన్నా చేతిలో చెల్లే కాగితం ఉండదు.

కంపెనీ పెట్టి దాని పేరున తీసుకుందామని ఇంకో సలహా కూడా వస్తుంది. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని ప్రభుత్వమైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. ఈ చట్టం అక్కడి వాళ్ల కాళ్ల కింద నేల నిలబెట్టడానికి వచ్చింది. దాన్ని తప్పించుకునే దారి వెతకడం అన్యాయం కూడా.

మంచుతెర:
వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. అరకు టౌన్లో గిరిజనేతరుల పాత ఇళ్లు కనిపిస్తున్నాయి కదా, వాళ్ల దగ్గర కొంటే?

దస్తావేజు:
అదీ కుదరదు. 1970 ఫిబ్రవరి 3 తర్వాత గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ భాగాన్ని సమర్థించింది. పాత హక్కు నిజంగా ఉన్నవాళ్లకి వారసత్వంగా వస్తుంది. అమ్మాలంటే ఎస్టీకే అమ్మాలి. కొనే ఎస్టీ దొరక్కపోతే, ప్రభుత్వమే తీసుకోమని దరఖాస్తు పెట్టుకునే వీలుంది.

ఇంకొకటి. వ్యూ పాయింట్ల పక్కన చూపించే స్థలాల్లో పోడు పట్టాలు (అడవి భూమి సాగుచేసుకునే గిరిజనులకి ఇచ్చినవి) ఉంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఆ పట్టా వారసులకి వెళ్తుందే గానీ, సాటి గిరిజనుడికి కూడా అమ్మకూడదు.

జవాబు (గెడ్డ ఒడ్డు):
లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి అన్నీ ఏజెన్సీయే, అక్కడ వెతకడం దండగ. ఆ మంచు, ఆ కొండ దగ్గర్లో కావాలంటే ఘాట్ కింద ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు చూడండి. విజయనగరం జిల్లా, ఏజెన్సీ కాదు. పొద్దున విశాఖలో బయల్దేరే కిరండూల్ రైలు ఎస్.కోటలో ఆగి అరకు వెళ్తుంది. శీతాకాలం శని ఆదివారాల్లో ఘాట్ రోడ్డు బండ్లతో బిగుసుకుపోతుంది కాబట్టి ఆ రైలు పెద్ద ఆసరా. అయితే వానాకాలంలో కొండచరియలు పడితే రోడ్డూ రైలూ రెండూ ఆగే రోజులుంటాయి. ఆరోగ్యం బాగోలేని పెద్దవాళ్లుంటే కొండ మీదకంటే కింద ఉండడమే మేలు.

కొనేటప్పుడు మొదట అడగాల్సింది జిరాయితీనా (సొంత పట్టా భూమి), డీ పట్టానా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) అని. కొండ వారన డీ పట్టాలు ఎక్కువ. అమ్మకూడని భూమి తక్కువ ధరకి వస్తుంది, అక్కడే చాలామంది పడిపోతారు. రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1బీ చూడండి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 30 ఏళ్లకి తీయించండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, దానితో కలవాలి. ఆ తర్వాత ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకుని సర్వేయరుతో కొలిపించండి. 10 సెంట్లంటే 484 గజాలు. కాగితం మీద 10 ఉండి, నేల మీద ఎనిమిదే తేలితే మిగతా రెండూ సాధారణంగా గెడ్డ (కొండవాగు) పోరంబోకులో, అంటే ప్రభుత్వ భూమిలో, ఉంటాయి. రిజిస్ట్రేషనుకి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం చూసుకోండి. లేఅవుటైతే డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) గానీ వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) గానీ ఇచ్చిన నంబరు అడగండి. పంచాయతీ తీర్మానం చూపించి లేఅవుట్ అంటే ఒప్పుకోకండి, ప్లాను దగ్గరా బ్యాంకు లోను దగ్గరా ఆగిపోతుంది.

స్థలం రెండుసార్లు చూడాలి. మే నెలలో పక్క ఇంటి బావిలో తాడు వేసి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడండి. ఆగస్టులో గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి గెడ్డ ఎక్కడిదాకా పొంగిందో ఒడ్డున చెత్త ఆగిన గీత చూడండి. పునాది ఆ గీతకి పైనే ఉండాలి. ఏటవాలు తవ్వి కడితే వెనక రాతి గోడలో నీళ్లు పోయే గొట్టాలు తప్పనిసరి, లేకపోతే గోడ వెనక నీరు నిండి రెండో వానాకాలానికి గోడ ముందుకి తోసుకొస్తుంది.

జవాబు (కాఫీ పందిరి):
హైదరాబాద్ నుంచి చదివేవాళ్లకి ఒక మాట. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు వేరు, అరకు దారిలోని అనంతగిరి మండలం వేరు. పేరు చూసి ప్రకటన నమ్మకండి, జిల్లా, మండలం, సర్వే నంబరు అడగండి.

అరకులోనే ఉండాలనుకుంటే గిరిజన కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలో సీజను కాని నెలల్లో అతిథిగా ఉండండి. ఏ నెల డబ్బు ఆ నెలే ఇచ్చి రసీదు తీసుకోండి, పెద్ద అడ్వాన్సు ఇవ్వకండి, స్వాధీనం రాయించుకోకండి. ఫిబ్రవరి దాటాక జనం పలచబడతారు, గదికి అద్దె మాట్లాడుకోవడమూ తేలిక.