రెండు బ్యాటరీల మధ్య 10 స్క్వేర్ (చదరపు మి.మీ.) వైరు చాలా, 35 వేయాలా?

కాశిమేడు_కుర్రోడు
చెన్నై కాశిమేడులో మా బాబాయికి చిన్న బోటుంది, నేను అంబత్తూరులో ఉద్యోగం చేసుకుంటున్నా గానీ వేట నిషేధం రాగానే కరెంటు పనులన్నీ నా నెత్తిన పడతాయి. 12 వోల్టుల డీజిల్ ఇంజను, డైనమో మీద 55 ఆంప్ అని రాసుంది. ఇంజను పక్కన సెల్ఫ్ కోసం 100 ఏహెచ్ (ఆంప్-అవర్) బ్యాటరీ ఉంది, ఇప్పుడు ముందు కేబిన్లో ఇంకో 150 ఏహెచ్ పెట్టి ఫిష్ ఫైండరు, జీపీఎస్, వీహెచ్ఎఫ్ రేడియో, లైట్లు దాని మీదకి మారుస్తున్నాం. పోయినేడు రాత్రంతా లైట్లేసుకుని కూర్చుని తెల్లారి సెల్ఫ్ కొడితే టక్ టక్ తప్ప ఏం లేదు, పక్క బోటోళ్ళు తాడేసి లాక్కొచ్చారు, బాబాయి ఆ రోజు గురించి ఎత్తితే ఇప్పటికీ లేచెళ్ళిపోతాడు. ఇంజను తిరిగితే రెండు బ్యాటరీలనీ కలిపి, ఆగితే విడదీసే ఆటోమేటిక్ రిలే కొన్నా. దూరం 5 మీటర్లు. హార్బరు ఎలక్ట్రీషియన్ అన్నేమో 10 స్క్వేర్ చాలు, 55 ఆంప్ అది మోస్తది అంటాడు, ఇంకొకాయన 35కి తగ్గితే డబ్బులు దండగ అంటాడు. జూన్ 14కి నిషేధం అయిపోతది, ఈలోపు తేల్చండి.

మీటరు_మామ
మీ ఎలక్ట్రీషియన్ అన్న చెప్పింది ఇంటి వైరింగు లెక్క తమ్ముడూ. వైరు ఎంత కరెంటుకి కాలకుండా ఉంటదో క్యాటలాగులో ఉంటది, దార్లో ఎన్ని వోల్టులు పోతాయో ఉండదు. 230లో ఒక వోల్టు పోతే ఎవడికీ తెలీదు, 12లో పోతే ఎనిమిది శాతం. రాగికి 0.0172ని మొత్తం పొడవుతో, ఆంపులతో గుణించి స్క్వేరుతో భాగించు. పొడవంటే 5 కాదు, ప్లస్ వెళ్ళాలి మైనస్ తిరిగి రావాలి కాబట్టి 10. 55 ఆంప్ కి 10 స్క్వేర్లో 0.95 వోల్టు పోతది, 16లో 0.59, 25లో 0.38, 35లో 0.27. అమెరికా బోటోళ్ళ ఏబీవైసీ రూలు ముఖ్యమైన లైనుకి మూడు శాతం, అంటే 0.36 దాటకూడదు. 25 అంచు మీద ఉంది, 35 వేసెయ్.

పైసా_వసూల్
మామా లెక్క కరెక్టే గానీ ఆ 55 ఆంప్ ఎంతసేపు వస్తదో కూడా చెప్పు. బ్యాటరీ నిండేకొద్దీ తీసుకునే కరెంటు పడిపోతది, 10 ఆంప్ కి దిగినాక నీ 10 స్క్వేర్ వైర్లోనే పోయేది 0.17, అప్పుడు అవతల బ్యాటరీకి ఇంచుమించు ఫుల్ వోల్టేజే. నా బోటులో నాలుగేళ్ళుగా 10 స్క్వేరే, రోజుకి ఎనిమిది గంటలు ఇంజను తిరుగుద్ది, బ్యాటరీ నిండకపోవడం ఒక్కసారి కూడా చూళ్ళేదు. రాగి రేటు చూశారా అసలు?

మీటరు_మామ
నీది ట్రాలర్, రోజంతా ఇంజను మీదే ఉంటావు, నీకు సన్న వైరైనా సాగుద్ది. ఈ పిల్లోడి సంగతేంటో అడుగు ముందు. తమ్ముడూ, రాత్రి ఇంజను ఆపుతారా?

కాశిమేడు_కుర్రోడు
ఆపుతాం మామా. వలేసి ఆపేస్తే మళ్ళీ తెల్లారే. లైట్లు అవీ కలిపి ఆరు ఆంపులు, ఎనిమిది గంటలు. తిరిగి రావడానికి రెండు గంటలు.

మీటరు_మామ
అదీ సంగతి. 48 ఏహెచ్ వాడేసి రెండు గంటల్లో తిరిగి ఎక్కించాలంటే సగటున 24 ఆంపుల పైన నెట్టాలి. డైనమో దగ్గర 14.2 ఉన్నా సన్న వైరు అవతల 13 చిల్లరే కనబడితే బ్యాటరీ అంత తీసుకోదు, రోజూ కొంచెం కొంచెం బాకీ పడి నెలకి ప్లేట్లు సల్ఫేట్ పట్టేస్తాయి.

ఉప్పుగాలి
మీరిద్దరూ చార్జింగు గురించే కొట్టుకుంటున్నారు, ఫ్యూజు మాట ఎవరూ ఎత్తలేదేం? మామూలు లైనుకి ఒక పక్కే బ్యాటరీ, దీనికి రెండు చివర్లా బ్యాటరీయే. మధ్యలో వైరు చెక్కుకుపోయి ఇంజను బాడీకి తగిలితే రెండు వైపుల నుంచీ వందల ఆంపులు వస్తాయి, ఒక ఫ్యూజే ఉంటే రెండో పక్క బ్యాటరీ ఆ వైరుని కాల్చేస్తది. రెండు చివర్లా ఫ్యూజు ఉండాలి, బ్యాటరీ నుంచి ఏడంగుళాల లోపు. ఫ్యూజు సైజు వైరుని బట్టి, డైనమోని బట్టి కాదు. ఇంకోటి, బ్యాటరీలు కలిసి ఉండగా ఎవడైనా సెల్ఫ్ కొడితే ఆ కరెంటులో కొంత ఈ వైరు మీదుగానే పోతది, 10 స్క్వేరుకి 60 ఆంప్ ఫ్యూజేస్తే అది ఎప్పుడో ఒకరోజు ఎగిరిపోద్ది, మీకు వారం దాకా తెలీదు కూడా.

పైసా_వసూల్
సెల్ఫ్ కొట్టేటప్పుడు కలవకుండా ఆపే రిలేలు ఉన్నాయి బాబూ.

ఉప్పుగాలి
ఉన్నాయి, సెల్ఫ్ స్విచ్చు నుంచి రిలేకి వెళ్ళే ఆ సన్న సిగ్నల్ వైరు కలిపినోళ్ళు ఎంతమంది?

పైసా_వసూల్
అది మాత్రం నిజం 😄

రిచీ_స్ట్రీట్_రాజు
సైజు ఎంతైనా వెయ్యండి, ముందు లోపల రాగి ఉందో లేదో చూడండి. నేను ఒక షాపులో కారు ఆడియో కిట్టు "ఫోర్ గేజ్" అని ఎర్ర వైరు తెచ్చా, బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది, అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియానికి రెసిస్టెన్సు ఒకటిన్నర రెట్లు పైనే, పైగా ఉప్పు గాలికి లగ్గు (వైరు చివర బిగించే రింగు) దగ్గర పొడిగా రాలిపోద్ది. ఇప్పుడు ఏం కొన్నా ఒక మీటరు తొక్క తీసి వంటింటి కాటాలో తూకం వేస్తా. 35 స్క్వేర్ రాగి మీటరుకి 310 గ్రాములు రావాలి, నూట ముప్పై లోపు చూపిస్తే అల్యూమినియం, 250 చూపిస్తే వాడు 28 స్క్వేర్ ఇచ్చి 35 డబ్బులు తీసుకున్నట్టు. మా ఆవిడ కాటా మీద చెయ్యెత్తి ప్రమాణం చేయిస్తానంటది, అది వేరే కథ.

కాశిమేడు_కుర్రోడు
వెల్డింగు కేబులు వేస్తే? మెత్తగా వంగుద్ది, చవక కూడా.

ఉప్పుగాలి
రాగిదైతే కరెంటు లెక్కలో తేడా లేదు. కానీ పోగులకి తగరం పూత ఉండదు, తేమ లోపలికి పాకి ఒక అడుగు దాకా నల్లబడిపోద్ది, పైకి మాత్రం కొత్తదాన్లా ఉంటది. చివర్లు హైడ్రాలిక్ క్రింపు కొట్టించి జిగురున్న హీట్ ష్రింక్ వేస్తే కొన్నేళ్ళు లాగుద్ది. సుత్తితో లగ్గు కొట్టే పనైతే తగరం పూసిన కేబులు కొన్నా దండగే.

మీటరు_మామ
అసలు ప్రశ్న ఇంకోటుంది. సెల్ఫ్ బ్యాటరీ చచ్చిన రోజు ఈ కొత్త బ్యాటరీతో స్టార్టు చేద్దామనా మీ బాబాయి ఆలోచన?

కాశిమేడు_కుర్రోడు
అవును మామా, ఆయనకి అదొక్కటే కావాలి.

మీటరు_మామ
అయితే నా 35 కూడా పనికిరాదు, నేనే ఒప్పుకుంటున్నా. సెల్ఫ్ 300 ఆంప్ లాగితే 35లో దాదాపు వోల్టున్నర పోతది, 70 వేసినా 0.74. పది మీటర్ల 70 స్క్వేర్ రాగి కొనే బదులు ఆ బ్యాటరీనే వెనక్కి జరుపు. మీటరు దూరంలో పెడితే రానూ పోనూ రెండు మీటర్లు, 25 స్క్వేర్లో 300 ఆంప్ కి పోయేది 0.41. ఆ రిలే 300 ఆంప్ మోయదు, ఫ్యూజూ మోయదు, అందుకని స్టార్టింగుకి పక్కనే వేరే హెవీ చేతి స్విచ్చు పెట్టు. కేబిన్కి లైట్లదీ జీపీఎస్ దీ కలిపి 12 ఆంప్ అనుకున్నా 10 స్క్వేరుతో 0.2 పోతది, సరిపోతది. చూశావా పైసా, నీ 10 స్క్వేరుకీ చోటు దొరికింది.

పైసా_వసూల్
మే నెలలో ఇంజను గదిలో బ్యాటరీ పెడితే ఉడికిపోద్ది మామా, పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగం అంటారు. వెనక బరువు కూడా.

మీటరు_మామ
గోడకి అవతల పెట్టమను, ఇంజను మీద కాదు.

కాశిమేడు_కుర్రోడు
ఇవాళ టేపు పట్టుకెళ్ళా. వైరు నేరుగా పోదు కదా, ఐస్ పెట్టె చుట్టూ తిప్పితే 5 కాదు 7 మీటర్లు వచ్చింది. క్లాంప్ మీటరు పెడితే డైనమో ఇచ్చేది 38 ఆంపే, 55 కాదు. 14 మీటర్లకి లెక్కేస్తే 10 స్క్వేర్లో 0.92, 25లో 0.37. చివరికి వలల అరకి ఇవతల గోడ పక్కన చోటు దొరికింది, ఇంజను బ్యాటరీకి మీటరుంపావు. 25 స్క్వేర్ తగరం పూత కేబులు మూడు మీటర్లు, రెండు ఫ్యూజులు, చేతి స్విచ్చు రాసుకున్నా. బాబాయి లిస్టు చూసి "తాడు కూడా రాయరా" అన్నాడు.