బోటు మీద ఇనుప షాకిళ్లు తీసేసి తాడు షాకిళ్లు పెట్టొచ్చా?

హార్బర్‌కుర్రోడు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు సామానంతా విప్పి చూస్తున్నాం. తాళ్లనీ గొలుసుల్నీ కలిపే U ఆకారపు ఇనుప కొలుకులే షాకిళ్లు. వాటి నోటికి అడ్డంగా ఉండే పిన్నులు ఉప్పుకి పట్టేసి సుత్తి దెబ్బలకీ ఊడటం లేదు. డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ నార తాడుతో చేసిన సాఫ్ట్ షాకిళ్లే (తాడు షాకిళ్లు) మేలంటున్నారు. అన్నీ మార్చేయనా?

మోకుముడి: మార్చేయ్ తమ్ముడూ. తుప్పు పట్టదు, నీళ్లలో తేలుతుంది, బరువుకి బరువు చూస్తే ఉక్కుకన్నా ఎన్నో రెట్లు గట్టిది. బోలు అల్లిక తాడును మడిచి ఒక పాయను రెండోదాని లోపల్నుంచి దూర్చితే, మడత దగ్గర కన్ను వస్తుంది. కొసలు రెండిటితో గుబ్బలాంటి డైమండ్ ముడి వెయ్యి. ఆ ముడిని కన్నులోంచి దూర్చితే షాకిల్ మూసుకుంటుంది. అసలు పని ఆ ముడి దగ్గరే. చేత్తో లాగితే చాలదు, బరువు పెట్టి బిగించాలి. తాడు బాగా నున్నగా ఉంటుంది, కొసలు పొట్టిగా కోస్తే ముడిలోంచి జారిపోతాయి.

పాతఫిట్టర్: అన్నీ అంటే నేనొప్పుకోను. లంగరు గొలుసుకి, వల నోరు తెరిచి ఉంచే ట్రాల్ బోర్డులకి ఇనుమే ఉండాలి. ఇసుక, రాయి రాపిడికి ఏ తాడూ ఆగదు. పైగా డైనీమా 145 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది, 70 దాటితే చాలు, బలం తగ్గుతుంది. మంచి షాకిల్ మీద ఎన్ని టన్నులు మోస్తుందో అచ్చు ఉంటుంది. ఇంట్లో అల్లినదానికి ఆ పూచీ ఎవరిది? కింద మనుషులుంటారు.

మోకుముడి: గొలుసు సంగతి ఒప్పుకుంటున్నాను బాబాయ్. కానీ అచ్చు కొత్త షాకిల్‌కే చెల్లుతుంది, తుప్పు తిన్న పిన్నుకి కాదు. నైలాన్ మోకు సాగి ఉండగా ఇనుప షాకిల్ విరిగితే ఆ ముక్క ఎవరి తలకైనా తగలొచ్చు. తాడు షాకిల్ తెగితే ఎగిరే ఇనుము ఉండదు. మోకు మాత్రం అప్పుడూ కొడుతుంది, దాని దారిలో ఎవరూ నిలబడకూడదు.

పాతఫిట్టర్: తుప్పు కంటికి కనిపిస్తుంది, పిన్ను మార్చేస్తాం. 2014 హుద్‌హుద్ లాంటి గాలిలో జెట్టీ సిమెంటు అంచుకి రాసుకునే తాడును ఎవరు పోయి చూస్తారు? అక్కడ నేను తాడు షాకిల్ పెట్టనివ్వను.

హార్బర్‌కుర్రోడు: సరే, లంగరుకి, బోర్డులకి, కట్టుమోకులకి ఇనుమే. డెక్ మీద చిన్న కప్పీలకి తాడువి చేస్తాను. షాపులో దొరికే మామూలు నైలాన్ తాడు పనికొస్తుందా?

మోకుముడి: వద్దు. నైలాన్ సాగుతుంది, తడిస్తే బలం తగ్గుతుంది. డైనీమానే తీసుకో. కప్పీ కన్నుకి పదునంచు ఉంటే ముందు ఆకురాయితో నున్నగా చెయ్యి. వాడకంలో పైన కాస్త నూగు లేస్తే పర్వాలేదు. ఎక్కడైనా గట్టిపడి మెరుస్తుంటే వంచి చూడు, మెత్తబడకపోతే అక్కడ కరిగిందని అర్థం, అది పారేసి కొత్తది చేసుకో.

పాతఫిట్టర్: మొదటిది చేశాక మనుషుల్ని దూరంగా ఉంచి, బరువు వేలాడదీసి చూడు.