అబిడ్స్‌కు ఆ పేరెట్ల వచ్చింది?

ప్రశ్న:
మొన్న ఆదివారం పాత పుస్తకాలకని మా పాపను హైదరాబాద్‌ల అబిడ్స్ తీసుకపోయిన. ఫుట్‌పాత్ మీద కుప్పల్లో వెతుక్కుంటనే "నాన్నా, అబిడ్స్ అంటే ఏంది?" అనడిగింది. ముప్పై ఏండ్లుగ తిరుగుతున్న బజారు, జవాబు చెప్పలేకపోయిన. ఎవరికన్న తెలుసా?

జవాబు:
అది మనిషి పేరన్నా. ఆల్బర్ట్ ఆబిద్ అని ఆర్మేనియన్ యూదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఖాస్ నౌకరు. 1911లో కన్నుమూసిన ఆ నిజాంకు బట్టల మీద ఎంత మోజో చూడాలంటే ఆయన మహలు పురానీ హవేలీకి పోండి. రెండంతస్తుల చెక్క బీరువాలు ఇప్పటికీ ఉన్నయి, పాపకు తప్పక చూపించండి. అంతటి కొలువులో ఉండి ఆబిద్ ఇక్కడ దుకాణం తెరిచిండు. దుకాణం పోయింది, పేరు మిగిలింది.

ఇంకో జవాబు:
తర్వాత ప్యాలెస్ టాకీస్ వచ్చింది ఆ దుకాణం జాగల్నే. ఇంకోటి, మా తాత ఎన్నడూ "అబిడ్స్" అనలే, "ఆబిద్ రోడ్" అనేటోడు. ఉర్దూల అది "ద". ఇంగ్లీషు అక్షరాలల్ల చదివీ చదివీ మనం "డ" చేసినం. ఆయన పేరును ఆయన పలికినట్టే పలకాలని నాకుంటది.

అడిగినవారు:
శానా థాంక్స్. పాపకు చెప్పిన. ఆరోజు కొన్న నిఘంటువు అట్ట లోపల పెన్సిలుతో "ఆబిద్ గారి వీధి" అని రాసుకుంది.