ఊక కార్బన్ బీఈటీ: రెండు ల్యాబులు, రెండు విలువలు

ప్రశ్న (నెల్లూరు, ఎమ్మెస్సీ విద్యార్థిని):
సార్, కోవూరు మిల్లు ఊకని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపి 750 డిగ్రీల దగ్గర కాల్చి, కడిగి, యాక్టివేటెడ్ కార్బన్ చేశాను. ఒకే డబ్బాలోది బీఈటీ పరీక్షకి (నైట్రోజన్ పీల్పించి ఉపరితల వైశాల్యం కొలిచేది) రెండు ల్యాబులకి పంపితే ఒకరు గ్రాముకి 612 చదరపు మీటర్లన్నారు, ఇంకొకరు 745. మొదటిదాంట్లో డీగ్యాస్ (కొలిచే ముందు వేడిచేసి తేమ, వాయువులు తీసెయ్యడం) 120 డిగ్రీలు, 2 గంటలు. బీఈటీ సమీకరణంలోని సి విలువ మైనస్ 64. రెండోదాంట్లో 300 డిగ్రీలు, రాత్రంతా, సి 850. థీసిస్‌లో ఏది రాయాలి? సగటు తీయొచ్చా?

జవాబు (ఒంగోలు):
సగటు మాత్రం తీయబాకమ్మా. సి మైనస్ అని కనబడగానే ఆ లెక్క పక్కన పెట్టేయొచ్చు. నైట్రోజన్ ఉపరితలాన్ని ఎంత గట్టిగా అంటుకుందో చెప్పే విలువ అది, సున్నా కిందకి పోవడానికి లేదు. బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన సమీకరణానికి సాపేక్ష పీడనం (నైట్రోజన్ పీడనాన్ని అది ద్రవంగా మారే పీడనంతో భాగిస్తే వచ్చేది) 0.05 నుంచి 0.30 దాకా గీత గీయడం అందరికీ అలవాటు. కొన్ని మిషన్లు అడక్కుండానే అదే తీసుకుంటాయి. నీ కార్బన్‌లో ఉండేవి సన్న రంధ్రాలు, చాలావరకు 0.1 లోపే నిండిపోతాయి. ఆ పైన పాయింట్లు కలిపితే గీత వంకరపోతుంది.

ఐసోథెర్మ్ (ఏ పీడనంలో ఎంత నైట్రోజన్ పీల్చుకుందో చూపేది) ముడి డేటా అడిగి తెప్పించుకో. పీల్చుకున్న పరిమాణాన్ని, ఒకటిలోంచి సాపేక్ష పీడనం తీసేసిన విలువతో గుణించి గ్రాఫ్ గీయి. అది పెరుగుతున్నంత వరకే పాయింట్లు తీసుకో, తగ్గడం మొదలైన చోట ఆపెయ్. ఫ్రెంచ్ శాస్త్రవేత్త రూకెరోల్ చెప్పిన పరీక్ష ఇదే. ఎక్సెల్‌లో పది నిమిషాల పని, అయినా చేసేవాళ్ళు తక్కువ! తర్వాత ఒకే పొరకి పట్టే నైట్రోజన్ సీసీల్లో వస్తుంది కదా, దాన్ని 4.35తో గుణిస్తే చదరపు మీటర్లు. నైట్రోజన్ అణువు 0.162 చదరపు నానోమీటర్ల చోటు ఆక్రమిస్తుందని తీసుకున్న లెక్క ఇది.

డీగ్యాస్ సంగతి కూడా ఉంది. మన సముద్రపు గాలిలో కార్బన్ తేమ బాగా పీలుస్తుంది. 120 డిగ్రీల్లో 2 గంటలకి సన్న రంధ్రాల్లో నీళ్ళు మిగిలిపోవచ్చు. నీది 750లో కాలిందే కాబట్టి 300 దాన్నేం చేయదు. బరువు డీగ్యాస్ తర్వాతదేనా అని రెండు ల్యాబుల్నీ అడుగు. తడి బరువు వేస్తే, 15 శాతం తేమ ఉన్న శాంపిల్‌కి విలువ కూడా అంతే తగ్గి కనబడుతుంది. ఎంత వేశారో కూడా అడుగు: 20 మిల్లీగ్రాములకి 1 మిల్లీగ్రాము తేడా వస్తే 5 శాతం పోయినట్టే.

ఇంకొకరు (కావలి):
కడగడం ఎట్లా కడిగావమ్మా? ఊకలోని సిలికా పొటాషియం సిలికేట్ అయి ఉంటుంది. ముందే యాసిడ్ పోస్తే సిలికా జెల్‌గా రంధ్రాల్లోనే కూర్చుంటుంది. ముందు వేడినీళ్ళతో కడగాలి.

విద్యార్థిని:
నేరుగా యాసిడే పోశాను సార్! ఇప్పుడు 745 కూడా తప్పేనా?

జవాబు (ఒంగోలు):
కొలత తప్పు కాదు, ఆ శాంపిల్ విలువ అది. పాయింట్లు సరిచూసుకుని రాసెయ్, డీగ్యాస్ ఉష్ణోగ్రత, పీడనం పరిధి, సి పక్కనే రాయి. వేడినీళ్ళతో కడిగి ఇంకో బ్యాచ్ చేసి, అదే ల్యాబుకి అవే షరతులతో పంపు. అప్పుడు పెరిగితే కడగడం వల్ల పెరిగిందని చెప్పగలవు.