ఈత రాదు, డీప్ సీ బయాలజీ చేయొచ్చా?

నత్తగుల్ల:
బీఎస్సీ జువాలజీ ఆఖరి ఏడాది. లోతు సముద్రపు జీవుల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. కానీ ఈత రాదు, పడవెక్కితే కడుపులో తిప్పేస్తుంది. ఇంట్లో "నీకెందుకే ఆ సముద్రం" అంటున్నారు. డైవింగ్ వచ్చి తీరాలా? అసలు పనేముంటుంది?

జల్లెడ:
ఈత గురించి టెన్షన్ పడకండి. 4000 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి దాదాపు 400 రెట్లు. అక్కడికి ఎవరం ఈదుకుంటూ వెళ్లం, యంత్రాలే వెళ్తాయి. నా పనంతా బురదతోనే. బాక్స్ కోరర్ (సముద్రపు అడుగు బురదను పెట్టెలా కోసి తెచ్చే పరికరం) ఏ అర్ధరాత్రి డెక్ మీదికొచ్చినా లేచి వెళ్లాలి. పైన నిలిచిన నీళ్లు సైఫన్‌తో తీసి, బురదను పొరలుగా కోసి, వడకట్టిన చల్లటి సముద్రపు నీళ్లతో 300 మైక్రాన్ల (0.3 మి.మీ. కన్నాల) జల్లెడ మీద కడగాలి. ధార కాస్త గట్టిగా తగిలిందా, పాలీకీట్ పురుగులు ముక్కలైపోతాయి. (అందుకే తలలే లెక్కపెడతాం, తోకల్ని కాదు.) డీఎన్ఏ కావాలంటే ఇథనాల్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో ఆకారం బాగా నిలుస్తుంది గానీ డీఎన్ఏ పాడవుతుంది. ఒడ్డుకొచ్చాక నెలల తరబడి మైక్రోస్కోపే. అది విసుగనిపిస్తే, సముద్రమంటే ఎంత ఇష్టమున్నా ఇటు రావద్దనే నా సలహా.

వించ్ మనిషి:
కొన్ని నౌకల్లో లైఫ్ జాకెట్‌తో నీళ్లలో దిగే శిక్షణ తప్పదు, అది చెప్పలేదు మీరు. వాంతుల సంగతంటారా, మాత్ర నౌక కదలకముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది.

నత్తగుల్ల:
అయితే కొత్తవి కనిపెట్టేదంతా కిందికి దిగేవాళ్లేనా?

జల్లెడ:
కాదండీ. 1977లో గాలపాగోస్ దగ్గర సముద్రపు అడుగున వేడినీటి బుగ్గలు దొరికినప్పుడు నౌకలో జీవశాస్త్రజ్ఞులే లేరు. జీవుల్ని నిల్వచేయడానికి సరిపడా రసాయనం లేక వోడ్కా వాడారు! అక్కడి గొట్టపు పురుగులకు నోరూ లేదు, పేగూ లేదు. మరి తిండెలా? లోపలున్న బ్యాక్టీరియానే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువుతో వాటికి వండిపెడుతోందని ఊహించింది కొలీన్ కావనా. అప్పటికి ఆమె ఇంకా విద్యార్థిని. ఒక ఉపన్యాసంలో ఆ పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలున్నాయని విని లేచి చెప్పేసింది. తర్వాత నిల్వచేసిన ముక్కల్లోనే ఆధారం చూపించి 1981లో పేపర్ వేసింది.

వించ్ మనిషి:
ఉద్యోగాల సంగతీ చెప్పండి. చాలావరకు రెండు మూడేళ్ల కాంట్రాక్టులే, పర్మనెంట్ పోస్టులు తక్కువ.

జల్లెడ:
నిజమే. ఆర్ గానీ పైథాన్ గానీ (ప్రోగ్రామింగ్ భాషలు) ఇప్పుడే మొదలుపెట్టండి, స్టాటిస్టిక్స్ వదలొద్దు. దాంతోపాటు ఏదో ఒక జీవుల గుంపును పట్టుకోండి, ఐసోపాడ్లో (రొయ్యల బంధువులు) నెమటోడ్లో (సన్నటి గుండ్రటి పురుగులు). హవాయికీ మెక్సికోకీ మధ్య క్లారియన్-క్లిపర్టన్ జోన్‌లో సముద్రపు అడుగున గనుల కోసం సర్వేలు జరుగుతున్నాయి. అక్కడి జాతుల్లో పదింట తొమ్మిదింటికి ఇంకా పేరే పెట్టలేదని 2023 అంచనా. వాటిని గుర్తుపట్టేవాళ్లు చాలా తక్కువ. పీహెచ్‌డీకి ముందు ఏదైనా ల్యాబ్‌లో సార్టింగ్ పని (నమూనాల్లోని జీవుల్ని వేరుచేయడం) అడిగి చూడండి.