రాకెట్ బూస్టర్ (కింది భాగం) తిరిగొచ్చి నేల మీద దిగడం ఎక్కడి నుంచి చూడొచ్చు?

అందరికీ నమస్కారం. డిసెంబరులో అమ్మానాన్నలతో ఫ్లోరిడా వెళ్తున్నాం. నాన్నకి స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్ 9 రాకెట్ ఎగరడం కంటే బూస్టర్ దిగడమే చూడాలని ఉంది. 2015లో మొదటిసారి దిగినప్పటి నుంచీ ఆయనకి అదే పిచ్చి. స్టార్‌లింక్ (ఇంటర్నెట్ ఉపగ్రహాలు) ప్రయోగాల్లో బూస్టర్ ఎక్కువగా అట్లాంటిక్‌లో వందల కిలోమీటర్ల దూరాన డ్రోన్ షిప్ (మనుషులు లేని ఓడ) మీద దిగుతుంది, ఒడ్డున నిలబడితే ఏమీ కనిపించదు. మోసుకెళ్లే బరువు తక్కువై ఇంధనం మిగిలితేనే ప్రయోగ కేంద్రం ఉన్న కేప్ కెనావెరల్‌కి వెనక్కి వస్తుంది. అలాంటి ప్రయోగమేనని ముందుగా ఎక్కడ చూసి తెలుసుకోవాలి? చూడటానికి అక్కడికి దగ్గర్లోని జెట్టీ పార్క్, టైటస్‌విల్‌లలో ఏది మేలు? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. ఇంకోటి, దిగేటప్పుడు వచ్చే సోనిక్ బూమ్‌కి (పేలుడు లాంటి పెద్ద శబ్దానికి) రెండేళ్ల పాప జడుసుకుంటుందేమోనని అమ్మకి టెన్షన్. వాయిదాలు పడతాయి కాబట్టి ఎన్ని రోజులు అదనంగా ఉంచుకోమంటారు? చూసొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.